మూడడుగుల ట్యాంకులో అడుగున్నర షార్క్, ఎవరికివ్వాలి? (విజయవాడ)

పటమట_పద్మ
అందరికీ నమస్తే. మా బాబు ఆరో తరగతిలో ఉండగా వాళ్ళ మావయ్య పుట్టినరోజుకి అక్వేరియం కొనిచ్చాడు. అందులో వేలెడంత షార్కు పిల్లలు, గాజు శుభ్రం చేస్తుందని చెప్పి ఒక నల్ల చేప ఇచ్చారు. చివరికి ఒక షార్కు, ఆ నల్ల చేప మిగిలాయి. బాబు ఇప్పుడు ఇంటర్‌కొచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. చేపలు నా చేతికొచ్చాయి.

ట్యాంకు 3 అడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తు. షార్కు కూడా అడుగున్నర అయింది. వెనక్కి తిరగాలంటే తోక గాజుకి ఆనించి వంగి తిరుగుతోంది. తెల్లవారుజామున హాల్లో లైటు వేశామంటే బెదిరిపోయి గాజుకేసి కొట్టుకుంటుంది. ముక్కు దగ్గర తోలు లేచిపోయి తెల్లగా కనిపిస్తోంది. ఎగిరి బయట పడుతుందేమోనని మూత మీద రెండు నీళ్ళ సీసాలు పెట్టాం.

అత్తయ్యగారు కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్‌లో వదిలేస్తే పుణ్యం అంటున్నారు. మా వారు పెద్ద ట్యాంకు చేయిద్దాం అంటున్నారు. కొన్న షాపులో అడిగితే ఇంత పెద్దది తీసుకోం అన్నారు. నాకు డబ్బులేమీ వద్దు. కోసుకోకుండా పెంచుకునేవాళ్ళు కావాలి. ఆదివారం బాబు ఫోన్ చేస్తే ముందు అడిగేది చేప గురించే.

గుంటూరు_మిర్చి
అడుగున్నర అంటే కిలో తూగుతుంది అక్కా. ఉప్పు, కారం, పసుపు, కాస్త అల్లం వెల్లుల్లి…

నిర్వాహకులు
మిర్చి గారూ, ఆవిడ రాసిన చివరి రెండు లైన్లు చదివి రండి.

గుంటూరు_మిర్చి
చదివాను. సారీ అక్కా. ఆదివారం మాట చూడకుండా నోరు జారాను.

బందరుకాలువ
పద్మ గారూ, ఫొటో లేకపోయినా చెప్పేయొచ్చు. వెండి రంగు ఒళ్ళు, వీపు మీద షార్కుకున్నట్టు రెక్క, లైటు వేస్తే పిచ్చి పరుగు. అది షార్కు కాదు, పంగాసియస్. జెల్లల జాతి. మెకాంగ్ నది దాని సొంత ఊరు. పూర్తిగా పెరిగితే మీటరు దాటుతుంది, 40 కిలోల పైన తూగినవి కూడా ఉన్నాయి. షాపులో రెండంగుళాలప్పుడు ముచ్చటగా ఉంటుంది కాబట్టి అమ్మేస్తారు. "ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది" అని కూడా చెప్పే ఉంటారు. అంతకన్నా పచ్చి అబద్ధం ఈ హాబీలో ఇంకోటి లేదు. ఇరుకు ట్యాంకులో వ్యర్థాలు పేరుకుపోయి చేప కుదించుకుపోతుంది, వెన్ను వంకర తిరుగుతుంది. దాన్ని సర్దుకోవడం అనరు.

ఇక బెదురు సంగతి. దానికి చూపు మందం. పైగా గుంపులో తిరిగే చేప, ఒంటరిగా ఉంటే నీడ కదిలినా ఉలిక్కిపడుతుంది. ఇవ్వడం కుదిరేదాకా ట్యాంకు మూడు పక్కలా నల్ల చార్టు అంటించండి. ట్యాంకు లైటు ఒక్కసారిగా వేయొద్దు, ముందు గదిలో లైటు వేసి కాసేపాగి అప్పుడు ట్యాంకుది వేయండి. వారానికి రెండుసార్లు పావు వంతు నీళ్ళు మార్చండి. కార్పొరేషన్ నీళ్ళయితే క్లోరిన్ పోయే మందు కలిపాకే. మేత సగం చేయండి. ముక్కు పుండు శుభ్రమైన నీళ్ళలో దానంతటదే మానుతుంది, షాపులో ఇచ్చే నీలం మందు, పచ్చ మందు పోయకండి.

సివిల్_శ్రీను
మీ వారి ఆలోచనకి నాదొక ప్రశ్న. మీది ఎన్నో అంతస్తు?

పటమట_పద్మ
మూడోది అండి. ఎందుకు?

సివిల్_శ్రీను
ఆ చేపకి పనికొచ్చే ట్యాంకు తక్కువలో తక్కువ 8 అడుగుల పొడవు, 3 వెడల్పు, రెండున్నర ఎత్తు అనుకుందాం. 60 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల పైచిలుకు, అంటే 1,700 లీటర్లు. నీళ్ళే 1,700 కిలోలు, గాజు, స్టాండు అదనం. అదంతా రెండుంపావు చదరపు మీటర్లలోపు నిలబడుతుంది. ఇళ్ళ శ్లాబుని మామూలుగా డిజైన్ చేసేది చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన. మీరు పెట్టబోయేది దాదాపు నాలుగింతలు. బీము మీదికి, గోడ పక్కకి వచ్చేలా పెడితే నిలబడొచ్చు, కానీ డ్రాయింగ్ చూడకుండా ఎవరూ సరే అనరు. మీ కింద ఫ్లాటు వాళ్ళు ఈ చర్చ చూడకుండా జాగ్రత్త పడండి.

పటమట_పద్మ
మా వారికి చదివి వినిపించాను. పెద్ద ట్యాంకు మాట ఇంట్లో మళ్ళీ రాలేదు.

కైకలూరు_రైతు
అమ్మా, మేం చెరువుల్లో పెంచేది ఇదే. మా దగ్గర ఫంగస్ అంటాం. 1990లలో బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్‌కి వచ్చి అక్కణ్ణుంచి మన కొల్లేరు చుట్టుపక్కలకి దిగింది. హోటళ్ళలో బాసా అని ముక్కలు వేసేదీ ఇదే. కిలో, కిలోన్నర రాగానే పట్టుబడి చేసేస్తాం. మీ చేప మా చెరువులో వేస్తే హాయిగా తిరుగుతుంది, తవుడు తింటుంది. కానీ వల లాగిన రోజు వేల చేపల్లో మీదేదో నాకు తెలీదు. నిజం చెప్పేస్తున్నాను. బాబుకి మాటిచ్చి ఉంటే మాలాంటి వాళ్ళకి ఇవ్వకండి. వేరే దారి లేకపోతే చెప్పండి, కాదనను.

పటమట_పద్మ
ఉన్నదున్నట్టు చెప్పారు, చాలా థ్యాంక్స్ అండి. చూద్దాం.

సింగ్‌నగర్_సుబ్బు
ఒక డౌటు. కైకలూరులో టన్నుల కొద్దీ పెంచుతున్నారు, వరదలొస్తే గట్లు తెగి ఎన్నో బయటికి పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు మా మీదికి వచ్చినప్పుడు మా వీధిలో నడుములోతు నీళ్ళలో గోల్డ్‌ఫిష్ ఈదడం నేనే చూశాను. బుడమేరు నీళ్ళు చేరేది కొల్లేరుకే. అలాంటప్పుడు పద్మ గారి ఒక్క చేప కృష్ణలో వేస్తే కొత్తగా కొంపలు మునిగేదేముంది? పెద్దావిడ పుణ్యమన్నా ఆవిడకి దక్కుతుంది.

ముత్తుకూరు_బ్యాచ్
నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివాను, ఇది నేను చెప్పాలి. సుబ్బు గారూ, మీ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. పంగాసియస్ ఒక్కటి కృష్ణలో పడితే సంతానం పెట్టే అవకాశం దాదాపు లేదు. దానికి పెద్ద నదిలో దూరం వలస పోతేగానీ గుడ్లు పెట్టే పరిస్థితి రాదు. చెరువుల్లో కూడా పెట్టదు. అందుకే హేచరీల్లో హార్మోన్ ఇంజెక్షన్ చేసి పెట్టిస్తారు. మిగిలిన సగం రోగాలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చేపలతో షాపు ట్యాంకులో కలిసి ఉన్న చేప అది. దాని మొప్పల్లో ఏ పురుగుందో మనకి కనపడదు, నదిలోని శీలావతికి, బొచ్చెకి అది అంటుకుంటే తీసేసేవాడు లేడు. ఇంకొకటి, ఏళ్ళ తరబడి చేతి మేత తిన్న చేప మనిషి కనపడితే దగ్గరికొస్తుంది. ఘాట్ దగ్గర వదిలితే మొదటి వలలో పడేది అదే. అత్తయ్యగారికి ఈ ముక్క చెప్పి చూడండి.

నాకు అసలు భయం షార్కు గురించి కాదు. పద్మ గారూ, ఆ నల్ల చేప ఎంతుందిప్పుడు?

పటమట_పద్మ
అడుగు ఉంటుందేమో. పగలంతా పైపు వెనకాల గాజుకి నోరంటించి కదలకుండా ఉంటుంది. దాని వల్ల ఏ గొడవా లేదు. అది కూడా షార్కుతో పాటే ఇచ్చేద్దాం అనుకున్నాను. ఒళ్ళంతా ముళ్ళ పెంకు, దాని మీద చిరుత మచ్చలు.

ముత్తుకూరు_బ్యాచ్
అదే సక్కర్ చేప. దెయ్యం చేప అని పత్రికల్లో వచ్చేది ఇదే. దక్షిణ అమెరికా నుంచి ట్యాంకు క్లీనర్ పేరుతో వచ్చింది. ఇప్పుడు కృష్ణలోనూ, మన కాలువల్లోనూ ఉంది. ఎవరో ఒకరు ట్యాంకు ఎత్తేస్తూ "నీళ్ళ ప్రాణి నీళ్ళలోకి" అని వదలబట్టే వచ్చింది. షార్కు కృష్ణలో పిల్లలు పెట్టదు, ఇది పెడుతుంది. గట్టులో చేతి పొడవు బొరియ తవ్వి లోపల గుడ్లు పెట్టి మగది కాపలా ఉంటుంది. చెరువు గట్లు గుల్ల. పొట్ట ద్వారా గాలి పీల్చగలదు కాబట్టి నీళ్ళు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాలోని డీఎన్ఏని బట్టి ఏ చెరువులో ఇది ఉందో పట్టే పద్ధతి కూడా తయారు చేశారు. అంటే సమస్య ఏ స్థాయికి వెళ్ళిందో చూడండి.

కైకలూరు_రైతు
ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వలలో ఇది పడిందంటే ముల్లు వల కన్నుల్లో ఇరుక్కుని రాదు. కత్తితో వల కోసుకోవాల్సిందే. కొనేవాడు లేడు, తినేవాడు లేడు. ఫంగస్ తీసుకుంటాను గానీ అమ్మా, ఆ నల్లదాన్ని మాత్రం మా ఊరి పొలిమేరలోకి రానివ్వను.

గుంటూరు_మిర్చి
అందరం షార్కు షార్కు అని టెన్షన్ పడుతుంటే విలన్ పైపు వెనకాల దాక్కున్నాడన్నమాట.

ముత్తుకూరు_బ్యాచ్
విలన్ ఆ చేప కాదు మిర్చి గారూ, ఇది ఎంత పెరుగుతుందో చెప్పకుండా అమ్మినవాళ్ళు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని కేంద్రం 2000లోనే నిషేధించింది, అయినా దొంగచాటుగా పెంపకం ఆగలేదు. నిషేధాలు ఉన్నచోటే అలా ఉంటే, రంగు చేపల షాపులో ఏది ఎంత పెరుగుతుందో బోర్డు రాసి పెట్టేవాళ్ళెవరు?

నంబూరు_తోట
ఆలస్యంగా చూశాను. పద్మ గారూ, మాది నంబూరు దగ్గర నిమ్మతోట. డ్రిప్పు కోసం కట్టిన సిమెంటు తొట్టి ఉంది. 20 అడుగుల పొడవు, 12 వెడల్పు, 5 లోతు, అంటే 34 వేల లీటర్ల దాకా. నాచు, దోమ పిల్లల కోసం గత ఏడాది నాలుగు గడ్డిచేపలు, కొన్ని కోయి అనే రంగు చేపలు వేశాం. మా నాన్నగారు రోజూ సాయంత్రం తొట్టి గట్టు మీద కూర్చుని మేత వేస్తారు, ఆయన శాకాహారి. మీ షార్కుని మేం తీసుకుంటాం. కోసేది లేదు.

బందరుకాలువ
అబ్బ, ఇది కదా కావాల్సింది. తమ్ముడూ, నాలుగు ప్రశ్నలు. డ్రిప్పులో ఎరువు ఎక్కడ కలుపుతారు? తొట్టి ఎప్పుడన్నా పూర్తిగా ఖాళీ చేస్తారా? నీడ ఉందా? పొంగితే నీళ్ళెక్కడికి పోతాయి?

నంబూరు_తోట
ఎరువు తొట్టిలో కలపం అన్నా, దాని తర్వాత వెంచురీ (ఎరువుని లాగే గొట్టం) దగ్గర పైపులోకి లాగిస్తాం. తొట్టి మూడడుగుల కంటే దిగనివ్వం, మోటారు ఆగేలా ఫ్లోట్ పెట్టాం. సగం మీద పచ్చ షేడ్ నెట్ ఉంది. బోరు నీళ్ళు, కాస్త ఉప్పదనం. పొంగితే బోదెలోకి, అక్కణ్ణుంచి ఊరి మురుగు కాలువలోకి.

ముత్తుకూరు_బ్యాచ్
ఆ కాస్త ఉప్పదనం పంగాసియస్‌కి లెక్కలోది కాదు. నెట్ మాత్రం తొట్టి మొత్తానికీ కప్పండి. మీకు ఉప్పలపాడు పక్షుల కేంద్రం కూతవేటు దూరం, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మేతకి చుట్టూ తిరుగుతుంటాయి. కిలో చేపని కొంగ మింగలేకపోవచ్చు, ముక్కుతో పొడిచిందంటే పుండు పడుతుంది. బయటికి పోయే పైపుకి సన్న జాలీ బిగించండి. సక్కర్ చేపని మాత్రం మీరు తీసుకోవద్దు. పొంగే నీళ్ళు కాలువలో కలిసే చోట అది ఉండకూడదు.

నంబూరు_తోట
జాలీ ఈ రాత్రికే బిగిస్తాను. నల్లది తీసుకోను.

పటమట_పద్మ
ఇప్పుడు ఆ నల్లదాన్ని ఏం చేయాలి? చంపమని మాత్రం చెప్పకండి.

ముత్తుకూరు_బ్యాచ్
చెప్పడం నాకూ ఇష్టం లేదు, కానీ దాచను. తీసుకునేవాళ్ళు ఎవరూ దొరక్కపోతే నదిలో వదలడం కంటే, లవంగ నూనె పద్ధతిలో మత్తులోకి పంపి నొప్పి లేకుండా ముగించడమే సరైన పని. అది కూడా తెలిసినవాళ్ళ చేతి మీదుగా. ముందు నాలుగు చోట్ల అడుగుదాం.

సింగ్‌నగర్_సుబ్బు
పెనమలూరులో సీఫా (మంచినీటి చేపల పరిశోధన సంస్థ) కేంద్రం ఉందిగా, మీకు దగ్గరే. వాళ్ళు తీసుకోరా?

ముత్తుకూరు_బ్యాచ్
సీఫా వాళ్ళది శీలావతి లాంటి పెంపకం చేపల మీద పరిశోధన. ఇళ్ళలో వద్దనుకున్న చేపలకి ఆశ్రమం నడపరు. సలహా కావాలంటే అడగొచ్చు.

బందరుకాలువ
ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. నాది కింది అంతస్తు, 6 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు ట్యాంకు. అందులో రెండు ఆస్కార్ చేపలు ఉన్నాయి. నల్లదాన్ని నేను తెచ్చుకుంటాను. నా ట్యాంకు నీళ్ళు మొక్కలకి పోతాయి, కాలువకి కాదు. పద్మ గారూ, ఒక్క షరతు. బాబు సెలవులకి వచ్చినప్పుడు నా దగ్గరికి తీసుకొచ్చి చూపించాలి. చేపలు అంటే ఇంత ఇష్టం ఉన్న కుర్రాడికి నీళ్ళ టెస్టు ఎలా చేయాలో నేర్పిస్తా.

పటమట_పద్మ
మీకెలా థ్యాంక్స్ చెప్పాలో తెలీడం లేదు అన్నయ్యా. తప్పకుండా తీసుకొస్తాను. ఇక షార్కుని నంబూరు దాకా ఎలా తీసుకెళ్ళాలి? కారుంది. షాపువాళ్ళిచ్చే కవర్లో పడుతుందా?

కైకలూరు_రైతు
కవరు మాట మర్చిపోండి అమ్మా. ఫంగస్‌కి పక్క రెక్కల దగ్గర గట్టి ముల్లు ఉంటుంది, కవరు చీల్చేస్తుంది. మీ చెయ్యీ చీలుస్తుంది. వలతో పట్టొద్దు, ముల్లు వలలో ఇరుక్కుంటే అది గింజుకుని రెక్క విరుచుకుంటుంది. ట్యాంకులో నీళ్ళు జానెడు లోతుకి తగ్గించండి, తడిపిన మెత్తటి తువ్వాలు కళ్ళ మీద నుంచి కప్పండి. చీకటయితే అది సద్దుమణుగుతుంది. తువ్వాలుతో సహా ఇద్దరు కలిసి ఎత్తి డ్రమ్ములోకి దింపండి. ఒకరు తల, ఒకరు తోక.

మూత ఉన్న వంద లీటర్ల నీలం డ్రమ్ము చాలు. సగానికి దాని ట్యాంకు నీళ్ళే పోయండి, మిగతాది గాలి. ఈ చేప నీళ్ళ పైకొచ్చి గాలి మింగుతుంది, ఆ దూరానికి ఆక్సిజన్ సిలిండరు అక్కర్లేదు, బ్యాటరీ మోటారు ఒకటి ఉంటే నిశ్చింత. ముందు రోజు మేత పెట్టొద్దు, కడుపు నిండా ఉంటే డ్రమ్ములో నీళ్ళు పాడు చేస్తుంది. మధ్యాహ్నం ఎండలో కాకుండా తెల్లవారుజామున బయల్దేరండి.

బందరుకాలువ
ఆయనది చెయ్యి తిరిగిన పని, అలాగే చేయండి. నేను కలిపేది ఒకటే. నంబూరు చేరాక డ్రమ్ములోంచి నేరుగా తొట్టిలోకి ఒంపేయొద్దు. మీ నీళ్ళు కృష్ణ నీళ్ళు, వాళ్ళవి బోరు నీళ్ళు. మగ్గుతో తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా డ్రమ్ములో పోస్తూ గంటసేపు టైమివ్వండి. తర్వాత చేపని మాత్రం దింపండి, డ్రమ్ములో నీళ్ళు తొట్టిలో కలపకండి. అవి ఏ నిమ్మచెట్టు మొదట్లోనో పోయండి.

నంబూరు_తోట
షార్కు దిగింది. మొదటి రెండు రోజులూ అడుగున మూల పట్టుకుని కదల్లేదు, మేత ముట్టలేదు. నాన్నగారు కంగారు పడ్డారు. నిన్న సాయంత్రం కోయి చేపలకి మేత వేస్తుంటే వెనకాల్నుంచి వచ్చి గడ్డిచేపని పక్కకి నెట్టి మింగింది. ఇప్పుడు తొట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి ఆగకుండా ఈదుతోంది. తిరిగేటప్పుడు వంగడం లేదు. ముక్కు దగ్గర తెలుపు ఇంకా ఉంది, తగ్గుతున్నట్టుంది. వీడియో పద్మ గారికి పంపాను.

పటమట_పద్మ
ఆదివారం బాబుకి వీడియో చూపించాను. వాడు అడిగిన మొదటి మాట, "అక్కడ లైటెవరు వేస్తారు?" అని. ఎవరూ వేయర్రా, సూర్యుడే అన్నాను. అత్తయ్యగారు మొదట మొహం ముడుచుకున్నారు గానీ, తొట్టి దగ్గరున్న పెద్దాయన శాకాహారి అని తెలిశాక ఫర్వాలేదు, అదీ పుణ్యమే అన్నారు. నల్లదాన్ని బందరుకాలువ అన్నయ్య వచ్చి పట్టుకెళ్ళారు. పైపు దగ్గర్నుంచి ఊడదీయడానికే అందరికన్నా ఎక్కువసేపు పట్టింది.

బందరుకాలువ
ఆస్కార్లు మొదటి రోజు ముక్కుతో పొడిచి చూశాయి. పెంకు తగిలాక ఊరుకున్నాయి. చెక్క మొద్దు కింద చోటు చూసుకుంది.

గుంటూరు_మిర్చి
అక్కా, ఆ మూడడుగుల ట్యాంకు ఖాళీయే కదా, ఎంతకిస్తారు?

నిర్వాహకులు
అమ్మకాలు, కొనుగోళ్ళు ఆ విభాగంలో పెట్టండి.

పటమట_పద్మ
అమ్మను మిర్చి గారూ. సెలవుల్లో బాబు వచ్చాక గప్పీలు అనే చిన్న చేపలు వేసుకుంటాడట.

ముత్తుకూరు_బ్యాచ్
మగవే తీసుకోమనండి, తోకకి రంగులున్నవి. షాపు ట్యాంకులో మగవాటితో కలిసి ఉన్న ఆడది ఒక్కటి వచ్చినా చాలు, ఇంటికి తెచ్చాక మగది లేకపోయినా నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉంటుంది.